సైకిలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? విజయనగరంలో ఒక పిల్లల సైకిళ్ల సంస్థకు డేటాబేస్ కట్టిన వైనం

విజయనగరంలో పిల్లలకు సైకిళ్లు అరువిచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉంది. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి పడున్న పాత సైకిళ్లను అడిగి తెచ్చుకుంటారు. విశాఖ నుంచి కూడా అప్పుడప్పుడు వ్యానులో వస్తాయి. వాటిని షెడ్డులో బాగుచేసి నెల్లిమర్ల, డెంకాడ, గంట్యాడ, గజపతినగరం వైపు ఊళ్లలో హైస్కూలుకు నడిచి వెళ్లే పిల్లలకు ఇస్తారు. ఇచ్చేది అరువుకే. పిల్ల ఎదిగి సైకిలు చిన్నదైపోతే దాన్ని షెడ్డులో అప్పగించి పెద్ద సైజుది పట్టుకెళ్లాలి. వదిలేసిన చిన్న సైకిలు ఇంకో చిన్నపిల్లకు వెళ్తుంది. తొక్కడం రానివాళ్లకు ఆదివారం పొద్దున గ్రౌండులో నేర్పుతారు కూడా.

ఒక దాత వాళ్లను చాలా మామూలు ప్రశ్న అడిగారు. మేం డబ్బిచ్చి బాగుచేయించిన సైకిళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఎవరు తొక్కుతున్నారు అని. ఎన్ని ఇచ్చారో చెప్పగలరు. ఎవరికి ఇచ్చారో కూడా చాలావరకు చెప్పగలరు. ఇప్పుడు ఎక్కడున్నాయంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. సంస్థ నడిపే మేడం రిటైరైన టీచరు. డేటాబేస్‌ల పని నా ఉద్యోగం అని ఎవరో చెబితే నన్ను పిలిచి, "మాకో మంచి సాఫ్ట్‌వేరు చూసిపెట్టు బాబూ" అన్నారు. ఆ పని ఎలా సాగిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాస్తున్నాను. చిన్న సంస్థలకు సెలవు రోజుల్లో సాయం చేసే మనలాంటి వాళ్లకు పనికొస్తుందని.

అప్పటికి ఏం ఉంది

ఏడాదికొక ఎక్సెల్ ఫైలు ఉంది. మధ్యలో ఎవరో వాలంటీరు మొదలుపెట్టి వదిలేసిన గూగుల్ ఫారం ఉంది. సైకిలు ఇచ్చేటప్పుడు తీసిన ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. ఇవి కాక, షెడ్డులో మేస్త్రి గారి పొడుగాటి లెడ్జరు బుక్కు ఉంది. అందులో "చెరువుగట్టు గుంటడు, ఎర్ర హీరో, ఎనక టైరు, బ్రేకు రబ్బర్లు" లాంటి పద్దులు. పేరు లేదు, నంబరు లేదు. కానీ ఏ పేజీ తీసి అడిగినా ఆయన టక్కున చెప్పేవారు, ఆ గుంటడు ఎవరి కొడుకో, ఆ సైకిలు అంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో. ఎక్సెల్‌లో పేరు, తరగతి, బడి, ఫోను నంబరు అన్నీ శుభ్రంగా ఉన్నాయి గానీ అందులో సగం ఎప్పటివో తెలియదు.

ఎక్సెల్‌లో ఒక పిల్లకు ఒక వరుస. పేరు పక్కన "సైకిల్ నంబరు" అనే గడి. పిల్ల సైకిలు మార్చుకుంటే ఆ గడిలో పాత నంబరు చెరిపి కొత్తది రాసేవారు. అంతే, పాత సైకిలు సంగతి ఆ క్షణంలో మాయమైపోతుంది. అది షెడ్డుకు తిరిగొచ్చిందా, తమ్ముడికి వెళ్లిందా, పక్కింట్లో ఉందా, ఏ ఫైలూ చెప్పదు. చాలామంది ఇలాంటి చోట "డేటా సరిగ్గా ఎక్కించలేదు" అని వాలంటీర్లను అంటారు. ఎక్కించినవాళ్ల తప్పేమీ లేదు. ఆ షీటులో ఒక సంగతి జరిగిందని రాయడానికి చోటే లేదు, ఇప్పుడు ఎలా ఉందో రాయడానికే చోటుంది.

సాఫ్ట్‌వేరు చూసిపెట్టమన్నారు కదా అని బయట దొరికేవి కూడా చూశాను. స్వచ్ఛంద సంస్థల కోసమని వచ్చే ప్యాకేజీల్లో ఎక్కువ భాగం చందాల చుట్టూ తిరుగుతాయి. ఎవరు ఎంతిచ్చారు, రసీదు పంపామా, పోయినేడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనిది ఎవరు. ఇక్కడ పని అది కాదు. వస్తువు బయటికి వెళ్లడం, తిరిగి రావడం. అంటే గ్రంథాలయం పని. నిజంగానే కోహా గురించి ఆలోచించాను. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అది, పుస్తకం అరువిచ్చి తీసుకోవడం దానికి వెన్నతో పెట్టిన విద్య. కానీ పుస్తకానికి టైరు మార్చరు, చదివే పిల్ల పొడుగైందని పుస్తకం వెనక్కి తీసుకోరు. పైగా దానికో సర్వరు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఈ ఆఫీసులో ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్. ఆలోచన తీసుకుని కోహాను వదిలేశాను.

మూడో టేబుల్

డేటాబేస్ పని తెలిసినవాళ్లకు ఇది చిన్న పాఠం. అయినా ఈ సంస్థ కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

పిల్లలకొక టేబుల్, సైకిళ్లకొక టేబుల్ పెట్టాం. పిల్లల టేబుల్‌లో సైకిలు నంబరు ఉండదు. సైకిళ్ల టేబుల్‌లో పిల్ల పేరు ఉండదు. రెండింటినీ కలిపేది మూడో టేబుల్. దాని పేరు ఇచ్చిపుచ్చుకోలు. ఏ సైకిలు, ఏ పిల్ల, ఇచ్చిన తేదీ, ఆ రోజుకు పిల్ల పొడవు, సైకిలు ఏ స్థితిలో వెళ్లింది, తిరిగొచ్చిన తేదీ, ఏ స్థితిలో వచ్చింది. సైకిలు చేతులు మారిన ప్రతిసారీ ఒక కొత్త వరుస పడుతుంది. పాతది ఎవరూ చెరపరు, తిరిగొచ్చిన తేదీ మాత్రం నింపుతారు.

పొడవును పిల్లల టేబుల్‌లో కాకుండా ఇక్కడ ఎందుకు పెట్టామని మేడం అడిగారు. పుట్టిన తేదీ మారదు, పొడవు మారుతుంది. మారేదాన్ని పిల్ల పేరు పక్కన పెడితే మళ్లీ చెరిపి రాయడమే. ఇచ్చిన ప్రతిసారీ కొలిస్తే, రెండేళ్లలో ఎంత ఎదిగిందో కూడా దానంతటదే తెలుస్తుంది.

"షెడ్డులో ఉంది", "బయట ఉంది" అనే గడి కూడా సైకిళ్ల టేబుల్‌లో పెట్టలేదు. పాత షీటులో ఆ గడి ఉండేది, దాన్ని మార్చడం అందరూ మర్చిపోయేవారు. ఇప్పుడు తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుస ఉంటే ఆ సైకిలు బయట ఉన్నట్టు, లేకపోతే షెడ్డులో ఉన్నట్టు. లెక్క కట్టి తెలుసుకోగలిగినదాన్ని విడిగా రాసిపెట్టుకుంటే ఏదో ఒక రోజు రెండూ గొడవ పడతాయి.

దీనికి ఒక కాపలా కూడా పెట్టాం. ఒకే సైకిలుకు తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుస రెండోది ఎక్కించబోతే డేటాబేస్ ఒప్పుకోదు. ఫలానా షరతుకు తగిన వరుసల మీదే పనిచేసే యునీక్ ఇండెక్స్‌తో, అంటే ఒకే నంబరు రెండోసారి పడనివ్వని ఏర్పాటుతో, ఇది ఒక్క లైనులో అయిపోతుంది. మేం వాడిన ఉచిత డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో ఈ సౌకర్యం 2013 నుంచి ఉంది. ఒక సైకిలు ఇద్దరి దగ్గర ఉన్నట్టు ఎవరైనా ఎక్కించబోతే స్క్రీన్ మీద "ఈ సైకిలు ఇంకా ఫలానా పిల్ల దగ్గరే ఉంది, ముందు అది తీసుకోండి" అని వస్తుంది. వాలంటీరుకు అది చిరాకే. కానీ పాత సైకిలు తిరిగి తీసుకున్నట్టు రాయకుండా కొత్తది ఇచ్చేసే అలవాటు ఆ ఒక్క మాటతో పోయింది.

ఎస్‌క్యూలైట్ ఎందుకంటే, మొత్తం డేటా ఒకే ఫైలులో ఉంటుంది. నేను రాసిన చిన్న ఫారం పేజీ రేపు పనిచేయకపోయినా ఆ ఫైలును ఉచితంగా దొరికే వేరే టూల్‌తో తెరవచ్చు. వాలంటీరు అన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతాడు, పెళ్లో, బదిలీయో, బెంగళూరులో ఉద్యోగమో. ఆ తర్వాత వచ్చే డిగ్రీ కుర్రాడికి అర్థం కాని సామాను పెట్టడం సాయం కిందకి రాదని నా అభిప్రాయం. ఇక్కడ తెలిసినవాళ్ల కోసం ఒక హెచ్చరిక. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ, అంటే ఒక టేబుల్‌లో రాసిన నంబరు అవతలి టేబుల్‌లో నిజంగా ఉందా అని చూడటం, మామూలుగా ఆపేసి ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ దాన్ని ఆన్ చేయాలి. లేదంటే లేని పిల్లకు సైకిలిచ్చినట్టు రాసినా అది కిక్కురుమనదు.

సైకిలుకు నంబరు

సైకిలును గుర్తుపట్టడం ఎలా? కంపెనీ కొట్టిన ఫ్రేమ్ నంబరు చాలా సైకిళ్లకు పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఉంటుంది. షాపుల్లో బీబీ అనే చోటు. సరిగ్గా బురదంతా పేరుకునేదీ, తుప్పు మొదట పట్టేదీ అక్కడే. పాత సైకిళ్లలో సగం నంబర్లు చదవడానికి రావు. రంగు మళ్లీ వేస్తే ఉన్నది కూడా పూడిపోతుంది. స్టిక్కర్లు అతికించి చూశారట, ఒక వానాకాలం కూడా ఆగలేదు.

మేస్త్రి గారు నంబర్ పంచ్‌లు తెచ్చి బీబీ అడుగునే సొంత నంబరు కొడతానన్నారు. గొట్టం పల్చగా ఉన్నచోట కొడితే నొక్కు పడుతుంది, అక్కడైతే ఇనుము మందంగా ఉంటుంది. రిపేరుకు వచ్చిన ప్రతి సైకిలునూ ఆయన ఎలాగూ తలకిందులు చేస్తారు, కాబట్టి చదవడం కష్టం కాదు. పైకి కనబడేలా వెనక మడ్‌గార్డు మీద అదే నంబరు పెయింటుతో రాస్తారు. పెయింటు చెరిగితే అడుగున చూసుకోవచ్చు.

నంబరు ఐదంకెలు. మొదటి నాలుగు వరుస సంఖ్య, ఐదోది తనిఖీ అంకె. ఫోనులో "మూడు" అంటే "ఏడు" అని వినబడిందనో, 3ను 8గా చదివారనో, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయనో తప్పు పడితే ఆ ఐదో అంకె పట్టేసుకుంటుంది. దీనికి వాడింది డచ్ గణితవేత్త వెర్‌హోఫ్ 1969లో ఇచ్చిన పద్ధతి. ఒక్క అంకె తప్పుపడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఇది వదలదు. ఆధార్ నంబరు చివరి అంకె కూడా ఈ పద్ధతిలోనిదే. పిల్లల ఆధార్ నంబర్లను రికార్డుల్లోంచి తీసేశాం, దాని లెక్క మాత్రం సైకిళ్లకు తెచ్చుకున్నాం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సైజు దగ్గర ఇంకో తిరకాసు. షీటులో "26" అని ఉంటుంది. టైర్లు కొనే వాలంటీరు 26 టైర్లు తెస్తాడు, అవి సగం సైకిళ్లకు ఎక్కవు. ఎందుకంటే 26 అన్నది అంగుళాల్లో టైరు బయటి వ్యాసం, అదీ ఉజ్జాయింపుగా. టైరు ఎక్కడం, ఎక్కకపోవడం తేలేది రిమ్ము దగ్గర. 26×1⅜ అని రాసున్న టైరు కూర్చునే రిమ్ము 590 మిల్లీమీటర్లు. ఎంటీబీ (మౌంటెన్ బైక్) తరహా 26×1.75 టైరుది 559. మూడు సెంటీమీటర్ల తేడా, బలవంతంగా ఎక్కిద్దామన్నా కుదరదు. పిల్లల సైకిళ్లలోనూ ఇంతే. 20×1.75కు 406, 20×1⅜కు 451. మంచి కంపెనీ టైరు పక్కన ఈ అంకె 47-559 అన్నట్టు అచ్చు వేసి ఉంటుంది, మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము. సైకిళ్ల టేబుల్‌లో సైజుకు రెండు గడులు పెట్టాం. ఒకటి పిల్లకు సరిపోతుందా అని చూడటానికి, 16, 20, 24, 26 అని. రెండోది టైర్లు, ట్యూబులు కొనడానికి, రిమ్ము మిల్లీమీటర్లలో. మేస్త్రి గారికి ఇదంతా వేళ్ల మీద ఉన్న విద్య. "ఏటి బాబూ, ఈ మాత్రానికి అంకెలేటి, సూస్తే తెలీదా" అన్నారు. ఆయనకు తెలుస్తుంది, టైర్లు ఆర్డరు పెట్టే కుర్రాడికి తెలియదు. ఆ గడి ఆ కుర్రాడి కోసం.

పేర్లు, ఊళ్లు

పాత ఫైళ్లన్నీ ఒకచోట పోస్తే ఒకే పిల్ల మూడు పేర్లతో తేలింది. ఇంగ్లిషులో ఎక్కించడం వల్ల ఒకరు పైడిరాజును ఒక స్పెల్లింగుతో, ఇంకొకరు ఇంకో స్పెల్లింగుతో రాశారు. ఇంటిపేరు ఒకరు ముందు పెట్టారు, ఒకరు చివర పెట్టారు, ఒకరు ఒక్క అక్షరానికి కుదించారు. అమ్మవారి పేరు పెట్టుకునే ఊరు మనది. పైడితల్లి, పైడమ్మ, పైడిరాజు ప్రతి బడిలోనూ ఉంటారు. అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం సరేసరి.

ఇలాంటి చోట డేటాబేస్ వాళ్లం చెయ్యి చాచేది సౌండెక్స్ వైపు. ఒకేలా వినబడే ఇంగ్లిషు ఇంటిపేర్లను కలపడం కోసం వందేళ్ల క్రితం పుట్టిన పద్ధతి, మొదటి అక్షరం ఉంచి మిగతా హల్లులను అంకెలుగా మారుస్తుంది. మన పేర్ల మీద పెట్టి చూస్తే రాము, రమ్య, రాణి, రోహిణి నలుగురికీ ఒకే కోడు వచ్చింది. ఎర్రయ్య, యర్రయ్య మాత్రం, మొదటి అక్షరం ఇంగ్లిషులో వేరు కాబట్టి, ఇద్దరు వేర్వేరు మనుషులైపోయారు. కలపాల్సినవాళ్లను విడదీసి, విడదీయాల్సినవాళ్లను కలిపే పనిముట్టుతో లాభం లేదు.

అందుకే పేర్లను తెలుగు లిపిలోనే ఎక్కించాలని పెట్టుకున్నాం. తెలుగులో రాస్తే తేడాలు బాగా తగ్గుతాయి, లక్ష్మి, లక్ష్మీ లాంటివి మిగులుతాయి. ఫోన్లలో తెలుగు టైపింగ్ ఇప్పుడు కాలేజీ పిల్లలకు కొత్తేం కాదు. ఒక్క విషయం చూసుకోవాలి. "రాజ్‌కుమార్" లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. చూడటానికి పేర్లు దాదాపు ఒకలాగే ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం వేరు. పోల్చేటప్పుడు ఆ కనబడని అక్షరాన్నీ, అదనపు ఖాళీలనూ తీసేసి పోల్చాలి. దాని తర్వాత తల్లి పేరు, ఊరు, బడి కలిసిన జంటలను మాత్రం జాబితాగా తీసి, ఇద్దరూ ఒకటేనా కాదా అన్నది మేడం, మేస్త్రి గారు తేల్చారు. ప్రోగ్రామును తేల్చనివ్వలేదు. ఫోను నంబరును ఆధారంగా తీసుకోలేదు, ఇంట్లో ముగ్గురు పిల్లలకూ ఒకటే ఫోను, అదీ రీచార్జి ఆఫరు మారితే మారిపోతుంది.

ఊళ్ల పేర్లు ఇంకో తలనొప్పి. వలస, పేట, పాలెం అని ముగిసే ఊళ్లు ఉత్తరాంధ్ర నిండా ఉన్నాయి. కొత్తవలస అంటే రైల్వే జంక్షన్ ఉన్న మండల కేంద్రం గుర్తొస్తుంది, కానీ ఆ పేరుతో చిన్న ఊళ్లు వేరేచోట్ల కూడా ఉన్నాయి. కాబట్టి ఊరు పేరు చేత్తో రాయనివ్వకుండా, మండలం ఎంచుకున్నాక దాని కింది ఊళ్లు చూపించేలా పెట్టాం. జిల్లాను అసలు ఎవరి పక్కనా రాయలేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి, పార్వతీపురం వైపుది మన్యం జిల్లాగా విడిపోయింది. పాత ఫైలులో రాజాం పిల్ల శ్రీకాకుళం జిల్లా, కొత్త ఫైలులో అదే పిల్ల విజయనగరం జిల్లా. పిల్ల ఎక్కడికీ వెళ్లలేదు. జిల్లా అన్నది మండలాల టేబుల్‌లో ఒక్కచోటే ఉంటే, రేపు మళ్లీ మారినా అక్కడ ఒక గడి మారిస్తే సరిపోతుంది.

తీసుకోకూడనివి

పాత దరఖాస్తుల్లో ఆధార్ జిరాక్సులు జత చేయించుకున్నారు. ఎందుకని అడిగితే "అందరూ తీసుకుంటారు కదా" అన్నారు. సైకిలు అరువివ్వడానికి ఆధార్ అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఆ నంబర్లు ఎలాగూ పాడయ్యాయి, పన్నెండంకెల సంఖ్యను ఇరుకు గడిలో వేస్తే అది దశాంశ బిందువుతో కుదించి చూపిస్తుంది, కొందరు ఆ కుదించినదాన్నే కాపీ చేసి పెట్టారు. ఆ కాలమ్ తీసేశాం, జిరాక్సులు తల్లిదండ్రులకు తిరిగిచ్చేశాం, తీసుకోవడానికి రానివాళ్లవి చింపించేశాం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోదగ్గ సమ్మతి కావాలి. ఒక పేజీ తెలుగు ఫారం తయారుచేశాం. చదువురాని తల్లులకు వాలంటీరు పైకి చదివి వినిపించాలి. ఫొటో వాడుకోవచ్చా అన్నది విడిగా అడగాలి, వద్దంటే సైకిలు ఇవ్వకుండా ఉండకూడదు. దాతలకు పంపే నివేదికల్లో పిల్ల పేరు, బడి, ఫొటో మూడూ కలిసి ఎక్కడా రాకూడదని మేడం గట్టిగా పట్టుబట్టారు. ఆడపిల్ల ఏ దారిలో, ఏ వేళకు సైకిలు మీద వెళ్తుందో ఎవరికీ తెలియాల్సిన పని లేదు అన్నారు. నాకు తట్టని కోణం అది.

సైకిళ్లను రప్పించడం

టేబుళ్లు సిద్ధమయ్యాయి, పాత డేటా శుభ్రపడింది. కానీ అసలు సైకిళ్లు ఎక్కడున్నాయో ఇంకా తెలియదు. తేదీలు కూడా నమ్మలేం, 03/04 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో, ఎక్కించిన కంప్యూటరును బట్టి మారిపోయాయి. ఇంటింటికీ తిరగడానికి మనుషులు లేరు. ఫోన్లు చేస్తే "ఉందండి, బాగానే ఉందండి" అంటారు.

దారి చూపింది మేస్త్రి గారు. "రమ్మంటే రారు బాబూ. బ్రేకు రబ్బర్లు ఊరికే ఏస్తానని సెప్పండి, సైకిళ్లన్నీ అవే వచ్చెస్తాయి" అన్నారు. దసరా సెలవుల ముందు ఆదివారాల్లో గ్రౌండులో ఉచిత సర్వీసింగు పెట్టాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం దగ్గర పడ్డాక విజయనగరంలో ఇంకే పనీ సాగదు, అందుకే ముందే. చైనుకు ఆయిల్, బ్రేకు రబ్బర్లు, వంకర పోయిన చక్రానికి బెండు తీయడం. పిల్లలు వచ్చారు, తమ్ముళ్లను, పక్కింటివాళ్లను వెంటేసుకుని వచ్చారు. ప్రతి సైకిలునూ తలకిందులు చేసి, నంబరు లేనిదానికి కొట్టి, ఎవరు తెచ్చారో, పొడవెంతో రాసుకుని కొత్త టేబుల్‌లో మొదటి వరుసగా ఎక్కించాం. సంస్థవి కాని సైకిళ్లు కూడా కొన్ని వచ్చాయి, వాటికీ రబ్బర్లు వేసి పంపేశారు ఆయన.

అప్పటికీ ఆచూకీ దొరకనివి మిగిలాయి. వాటిని పాత షీటు ప్రకారం ఫలానావాళ్ల దగ్గర ఉన్నాయని రాసేద్దామని ఒక వాలంటీరు అన్నాడు, నివేదిక నిండుగా కనబడుతుందని. "ఆచూకీ తెలియదు" అనే రాశాం, దాతకు కూడా అలాగే పంపాం. ఆ మాట చదివి వాళ్లేమీ కోప్పడలేదు, టైర్లకు ఇంకొంత డబ్బు పంపారు.

బయటపడిన సంగతి

డేటా పడ్డాక మొదట తీసిన జాబితా దాత అడిగినది. రెండోది మేడం అడిగింది. 20 అంగుళాల సైకిళ్ల కోసం ఎప్పుడూ పిల్లలు వరుసలో ఉంటారు, షెడ్డులో మాత్రం ఉండవు, ఎందుకని? సైకిలు తీసుకుని ఏడాది దాటినవాళ్లను, అప్పటి పొడవు, ఇప్పటి తరగతితో కలిపి చూస్తే జవాబు దొరికింది. చిన్న సైకిళ్లు ఊళ్లలోనే ఉన్నాయి. పిల్లలు ఎదిగిపోయారు, మోకాళ్లు హ్యాండిలుకు తగులుతుంటే తొక్కడం మానేశారు, సైకిలు పశువుల పాకలో ఆనించి ఉంది. వెనక్కి తెచ్చివ్వాలంటే ఆటో కిరాయి. కొత్తవి కొనడానికి చందా అడగబోయినవాళ్లు, ముందు వ్యాను మాట్లాడుకుని ఊరూరా తిరిగి పెద్ద సైకిలిచ్చి చిన్నది తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ జాబితా ఇప్పుడు నెలకోసారి తీస్తారు. దాన్ని అందరూ పొట్టి సైకిళ్ల లిస్టు అంటారు.

దాతకు ఇంకో కోరిక కూడా ఉండేది. మా సైకిళ్ల వల్ల బడి మానేసే పిల్లలు తగ్గారా, ఒక అంకె ఇవ్వండి. అది ఈ డేటాబేస్ చెప్పలేదని స్పష్టంగా రాసిచ్చాం. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీశారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని తేలింది. కానీ ఆ మాట అనడానికి వాళ్లు అదే రాష్ట్రంలో మగపిల్లలతోనూ, సైకిళ్లివ్వని పక్క రాష్ట్రం జార్ఖండ్‌తోనూ పోల్చారు. మన దగ్గర సైకిలు దొరకని పిల్లల వివరాలు లేవు, దేనితో పోలుస్తాం? అయితే ఆ పరిశోధనలోంచి ఒకటి తీసుకున్నాం. బడి 3 కిలోమీటర్లు, ఆ పైన దూరం ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనబడింది. అందుకని ఊరికీ బడికీ మధ్య దూరం అనే గడి చేర్చాం, సైకిళ్లు తక్కువగా ఉన్నప్పుడు దూరం ఊళ్లవాళ్లకు ముందు ఇస్తారు. అంతకుముందు ఎవరు ముందడిగితే వాళ్లకు వెళ్లేవి, అంటే ఎక్కువగా షెడ్డుకు దగ్గర్లో ఉన్నవాళ్లకు.

బ్యాకప్ గురించి రెండు మాటలు. ఎవరైనా ఎక్కిస్తుండగా ఫైలును ఊరికే కాపీ చేస్తే కాపీ చెడిపోవచ్చు, ఎస్‌క్యూలైట్‌లో దానికి వేరే ఆదేశం ఉంది, అది ఒక బటన్‌కు కట్టాం. కాపీ ఒకటి మేడం ఇంట్లో పెన్‌డ్రైవులో ఉంటుంది. వారానికోసారి ఏ సైకిలు ఎవరి దగ్గరుందో అచ్చు తీసి షెడ్డులో తగిలిస్తారు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక ఎన్ని రోజులు గడిపామో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

మేస్త్రి గారి బుక్కు అలాగే ఉంది. "ఇదంతా కంప్యూటర్లో ఎక్కించీసినాక నా బుక్కు అక్కర్నేదా?" అని అడిగారు మొదట్లో. కావాలన్నాం. ఆయన చేసే అదనపు పని ఒక్కటే, ప్రతి పద్దు ముందు సైకిలు ఐదంకెల నంబరు వేయడం. కాలేజీ పిల్లలు వారం చివర ఆ పేజీలు చూసి రిపేర్ల టేబుల్‌లో ఎక్కిస్తారు. ఆయన చేతికి ఫోనిచ్చి ఫారం నింపమనడం కుదిరే పని కాదు, గ్రీజు చేతులతో స్క్రీను ముట్టుకోలేరు కూడా.

ఇంకా తేలనిది అక్కచెల్లెళ్ల లెక్క. ఒకే సైకిలు మీద అక్క తొక్కుతుంటే చెల్లి వెనక క్యారేజీ మీద కూర్చుని వెళ్తుంది, అక్క ఇంటర్‌కు వెళ్లాక అదే సైకిలు చెల్లి తొక్కుతుంది, ఎవరూ షెడ్డుకు వచ్చి చెప్పరు. ఊళ్లో స్నేహితులు కూడా తమలో తాము మార్చేసుకుంటారు. మార్చుకోకూడదని రూలు పెడదామని కొందరు వాలంటీర్లు అన్నారు, పిల్లలు అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు తప్ప మార్చుకోవడం మానరని మేడం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇద్దరు డిగ్రీ కంప్యూటర్స్ విద్యార్థులు రెండు చేర్పులు రాస్తున్నారు. ఒకటి, ఇచ్చిపుచ్చుకోల్లో "ఊళ్లోనే మారింది" అనే రకం, వ్యాను వెళ్లినప్పుడు ఎవరు తొక్కుతుంటే వాళ్ల పేరు, ఏ ప్రశ్నా జరిమానా లేకుండా రాసుకోవడానికి. రెండోది, ఒక సైకిలు మీద వెళ్లే పిల్లలందరి పేర్లూ ఉండే చిన్న టేబుల్. సైకిలు ఎవరి బాధ్యతో వాళ్ల పేరు ఒక్కటే ఇచ్చిపుచ్చుకోల్లో ఉంటుంది, తొక్కేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు. దాతకు వెళ్లే జాబితాలో ఆ సైకిలు ఒక్కసారే లెక్కకొస్తుంది, పిల్లలు మాత్రం ఇద్దరుగా కనబడతారు.